లూనార్

రాత్రి రెండూ పది.
మాదాపూర్‌లో ఏడో అంతస్తు. ఏసీ చలికి
చున్నీ చెవుల మీదుగా చుట్టి, దాని మీద హెడ్‌సెట్.
అక్కడ పెరూలో మధ్యాహ్నం మూడు దాటింది.
ఇగ్నాసియా అనే ఒకావిడ, డెబ్బై ఒకటేళ్లు,
క్లినిక్కు లైనుకి ఫోన్ చేసి
"నా చంద్రుడు పెరిగాడు" అంది.

నాకు వినబడింది అదే.
లూనా అంటే చంద్రుడని మొదటి వారమే బట్టీ పట్టాను.
లూనార్ కూడా ఆ ఇంటివాడే అనుకున్నాను.
పెరిగాడట. అంచులు చెదిరాయట.
ఒక పక్క నలుపు, ఒక పక్క ఇటుకపొడి రంగట.
గొంతులో కంగారు లేదు,
కొట్లో పప్పు ధర అడుగుతున్నట్టే ఉంది.

కిటికీలోంచి చూశాను.
కేబుల్ బ్రిడ్జి దీపాల పైన
ఉన్నాడు, బహుళపక్షం వాడు, ఒక పక్క అరిగిపోయి.
ఇక్కడ తరుగుతున్నాడే!

నోట్సులో కొట్టాను:
"పేషెంటు పొంతన లేకుండా మాట్లాడుతోంది."
పంపే మీట మీద వేలు ఉండగానే
వెనక నుంచి రఫత్ మేడమ్,
"అరే బాబా, లూనార్ అంటే తిల్!" అని
తన గడ్డం మీది చుక్క చూపించింది.
కుర్తా మీది తెల్ల చుక్కల్ని కూడా చూపించింది.
"ఇవి కూడా లూనార్లే వాళ్లకి.
మేము నువ్వుగింజ అంటం. మీరేమంటరు?"

మచ్చ, అన్నాను.
అని, కాసేపు ఆ మాట దగ్గరే ఆగిపోయాను.
పసిదాని వీపు మీదున్నదీ మచ్చే,
నూనె చింది కాలిన చోటు మిగిలిందీ మచ్చే,
నలుగురూ నాలుగు మాటలంటే పేరుకి పడేదీ అదే.
వాళ్లు చంద్రుణ్ణి దింపి మొహాన పెట్టుకున్నారు.
మనం మొహం మీది దాన్ని మోసుకెళ్లి
చంద్రుడికి అంటించాం.

రాసిందంతా చెరిపేశాను.
ఎప్పటి నుంచి ఉందమ్మా?
"పుట్టినప్పటి నుంచీ. మేం కవలలం.
అమ్మ మమ్మల్ని దాంతోనే పోల్చుకునేది.
లేనిది మా అక్క. పోయిన చలికాలం పోయింది."
కాస్త ఆగి, "కోసేస్తారా?" అంది.
డాక్టరు చెబుతారు, అన్నాను. నా కాగితంలో ఉన్న జవాబు అదే.
"కోసినా పర్లేదులే. ఇప్పుడు పోల్చుకునేవాళ్లెవరు?"

అంచు, రంగు, కొలత, మార్పు: నాలుగు గడులు.
అక్కకి గడి లేదు.
అత్యవసరం అని ఎర్రగా పెట్టి పంపాను.
ఆ తర్వాత ఆవిడ సంగతి నాకు తెలీదు.
మాకు తెలియనివ్వరు.

క్యాబ్‌లో మౌలాలి దాకా నిద్ర పట్టలేదు.
పదో తరగతి ఫారాలప్పుడు సుగుణాకర్ సార్
రెండు పుట్టుమచ్చలు కావాలన్నాడు.
ఎడమ చెంప మీద ఒకటి దొరికింది.
రెండోదాని కోసం చేతులు తిప్పి తిప్పి చూసి
మోచేతి కింద ఒకటి పట్టుకుని రాసేశాడు.
అది పెన్ను సిరా. సాయంత్రం స్నానానికి పోయింది.
సర్టిఫికెట్ మీద మాత్రం
ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది.

ఇంటికెళ్లేసరికి అమ్మ నీళ్లు పడుతోంది.
బిందె పక్కన పెట్టించి, ట్యూబులైటు కిందికి లాక్కొచ్చి
గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాను.
ముక్కు పక్కన, నా పుట్టుకకు ముందు నుంచీ ఉన్నది.
"ఏందే, గట్ల జూస్తున్నవ్? నల్లా పోతది."
ఇది పెరిగిందా అమ్మా?
తమ్ముడి పెన్సిలు తెచ్చి, వెనక రబ్బరు
దాని పక్కన ఆనించాను.
కదలకు.

"ఏమో బిడ్డా," అంది, కళ్లు మూసుకుని,
"అద్దంల నేను బొట్టు వరకే జూస్త."